చిలుకల్ని గోదావరి దాటించిన సిలెన్సర్

2023వ సంవత్సరం. యాసంగి వరి పాలు పోసుకుని గింజ గట్టిపడుతున్న కాలం. తెలంగాణకు గోదావరి అవతలి ఒడ్డున, మరాఠీ సర్కారు కింద ఉన్న సిరొంచలో బస్టాండు వెనక నా సిలెన్సర్ల దుకాణం. నాలుగు రేకులు, ఒక గ్యాస్ వెల్డింగ్ సెట్టు, సామాను బిగించి పట్టే ఒక వైస్, గోడల నిండా వేలాడే పాత సిలెన్సర్లు. వాటిని చూసి కొత్తవాళ్లు ఫిరంగుల గిడ్డంగి అనుకుని రోడ్డుకు అవతలి పక్క నడుస్తారని నేను చెబుతుంటాను. ఇంతవరకూ ఎవరూ కాదనలేదు. ఇక నా చెవుల సంగతి. జిమల్‌గట్ట బస్సు ఇంకా అడవిలో ఉండగానే దాని సిలెన్సర్‌కు చిల్లు ఎక్కడ పడిందో మంచం మీంచే చెప్పగలను. మా ఆవిడ పక్కగదిలోంచి పిలిస్తే మాత్రం వినబడదు. అది వేరే జబ్బు.

అట్లాంటి ఘనమైన చెవులు నన్ను ఎట్లా ముంచాయో, చివరికి ఎట్లా తేల్చాయో చెప్పే కేసు ఇది.

ఒక మధ్యాహ్నం అంకిస నుంచి పోశెట్టి బావ వచ్చాడు. బావ అంటే వరసకే. లచ్చక్కను మేమంతా అక్క అంటాం కనుక ఆమె భర్త మా అందరికీ బావ అయ్యాడు, ఇందులో అతని ప్రమేయమేమీ లేదు. ఉద్యోగమంతా వైమానిక దళంలో గ్రౌండ్ మెకానిక్‌గా చేశాడు. విమానాల కడుపులో దూరి బోల్టులు బిగించాడే గాని ఒక్క విమానాన్నీ నడిపింది లేదు. ఆ కసి కొద్దీ రిటైరయ్యాక సొంతంగా ఒకటి తయారు చేసుకున్నాడు. దాన్ని బొమ్మ విమానం అంటే మొహం ముడుచుకుంటాడు, మోడల్ విమానం అనాలి. రెక్కల కొలత ఒక చిన్నపిల్లవాడి ఎత్తు ఉంటుంది. నేను బయట చెప్పేటప్పుడు ఎడ్లబండంత అంటాను.

దానికి రిమోట్ లేదు. రెండు సన్నని ఉక్కు తీగలుంటాయి. నడిపేవాడు మధ్యలో నిలబడి తీగల పిడి పట్టుకుంటే విమానం అతని చుట్టూ గుండ్రంగా ఎగురుతుంది. దీన్ని కంట్రోల్ లైన్ అంటారు. రిమోట్‌తో ఎగిరేది ఏదైనా సరే మా సరిహద్దుల్లో పోలీసుల వంద ప్రశ్నలు తెచ్చిపెడుతుంది. బావ విమానమేమో మేకపిల్లలా తాడుకు కట్టి ఉంటుంది. ఎవరైనా అడిగితే తీగలు చూపించి ఊరుకునేవాడు.

ఆ రోజు సంచిలోంచి బత్తాయి పండంత ఇంజన్ తీసి నా బల్ల మీద పెట్టాడు.

"బామ్మర్దీ, దీనికో సిలెన్సర్ చెయ్యాలె."

"ఏంది బావా గిది? అక్క మిక్సీ విప్పుకొచ్చినవా?"

"విమానం ఇంజను రా! ట్యూన్డ్ పైప్ గావాలె దీనికి. ఇప్పుడున్న డబ్బాతోని ఎగిరితే పిట్టలు భయపడ్తలేవు. మందుగొట్టే పంపు చప్పుడనుకుంటున్నయ్. నిన్న ఒక రామచిలుక నా విమానం ముంగటనే ఎగిరింది, మంత్రి కారు ముంగట పైలట్ జీపు బోయినట్టు."

నవ్వబోయి అతని మొహం చూసి ఆగాను. అసలు సంగతి అప్పుడు చెప్పాడు. అంకిసలో గోదావరి వైపున్న రెండెకరాల వరి వాళ్లది. కిందటి యాసంగిలో చిలుకలు, పిచ్చుకలు దిగి సగానికి పైగా తినేశాయి. ఈసారీ పిట్టల పాలైతే పొలం కౌలుకు ఇచ్చేస్తానని లచ్చక్క తేల్చి చెప్పింది. కౌలుదారును కూడా నది అవతల నుంచి మాట్లాడి పెట్టింది. వచ్చే ఆదివారం అతను పొలం చూడ్డానికి వస్తున్నాడు. ఆ తర్వాత పోశెట్టి బావ నాగపూర్‌లో ఏదో అపార్ట్‌మెంటు గేటు దగ్గర సెక్యూరిటీ కుర్చీలో కూర్చోవాలి. విమానం పాత సామాన్లవాడికి పోతుంది.

"మా అయ్య బతుకంత ఒకల పొలంల మంచె మీద కూసోని పిట్టల గొట్టిండు బామ్మర్దీ," అన్నాడు బావ, ఇంజన్‌ను లుంగీ అంచుతో తుడుస్తూ. "మా ఇంట్ల మొదటిసారి సొంత భూమంటే గీ రెండెకరాలే. మా సొంత పిట్టల్ని మేం కొట్టుకోలేకపోతే ఎట్ల?"

సొంత పిట్టలు అన్న మాట నాకు గుచ్చుకుంది. ఒప్పుకున్నాను.

ఇక్కడ పాఠకులకు పైపు సంగతి కొంచెం చెప్పాలి. ఇది టూ స్ట్రోక్ ఇంజన్. దీంట్లో కాలిన పొగ బయటికి పోయే ద్వారం తెరిచి ఉండగానే కొత్త ఇంధనం లోపలికి వస్తుంది. కొత్తదాంట్లో కొంత ఆ పొగ వెంటే బయటికి జారిపోతుంది. మా బస్టాండులో బస్సు కదిలేటప్పుడు చూడండి. దిగేవాళ్లతో పాటు ఎక్కినవాళ్లు కూడా తలుపులోంచి జారుతుంటారు. అప్పుడు కండక్టర్ వెనక నుంచి వచ్చి వాళ్లను లోపలికి నెట్టి తలుపు వేస్తాడు. ట్యూన్డ్ పైప్‌లో ఆ కండక్టర్ పని పొగ అల చేస్తుంది. పైపు మొదట వెడల్పవుతూ పోయి, చివర మళ్లీ సన్నబడుతుంది. అల ఆ సన్నబడే చోటు తాకి వెనక్కి తిరిగొచ్చి, జారిపోతున్న ఇంధనాన్ని మళ్లీ లోపలికి నెడుతుంది. సమయానికి వస్తే ఇంజన్ ఒక్కసారిగా పూనకం వచ్చినట్టు కేక పెడుతుంది. దాన్ని ఆన్ ది పైప్ అంటారు. కండక్టర్ తొందరగా వచ్చినా, ఆలస్యంగా వచ్చినా బస్సు ఖాళీయే. పైపు పొడుగైతే అల ఆలస్యంగా వస్తుంది, అది నెమ్మదిగా తిరిగే ఇంజన్‌కు సరిపోతుంది. పొట్టిదైతే తొందరగా వస్తుంది, అది వేగంగా తిరిగేదానికి. మొత్తం కథంతా పొడవులోనే ఉంది.

ముందు ఇంధనం కావాలి. మిథనాల్ అనే స్పిరిట్‌లో ఆముదం కలిపిన డబ్బా హైదరాబాద్ నుంచి తెప్పించి, అవతలి ఒడ్డున అందుకుని, బండి మీద ఇద్దరం గోదావరి వంతెన దాటుతుంటే కానిస్టేబుల్ ఆపాడు. మా జిల్లాలో మందు బంద్. డబ్బాలోంచి వచ్చే స్పిరిట్ ఘాటు మా కంటే ముందే వంతెన దాటేసింది.

"కాయ్ ఆహే యాత్?" దీంట్లో ఏముందని మరాఠీలో అడిగాడు.

"విమానం పెట్రోలు సార్," అన్నాడు బావ.

"తుమ్చం విమాన్ కుఠే ఆహే?" మీ విమానం ఎక్కడుందని.

"ఇంటి కాడ మంచం కింద పెట్టిన సార్."

ఆ జవాబుకు మమ్మల్ని లోపల వేయకపోవడం ఆయన మంచితనం. నేను మూత తీసి రెండు చుక్కలు ఆయన అరచేతిలో వేశాను. ఆముదం వాసన తగలగానే చిన్నప్పుడు ఇంట్లో ముక్కు మూసి తాగించిన రోజులన్నీ ఆయన కళ్ల ముందు తిరిగినట్టున్నాయి. చెయ్యి ప్యాంటుకు తుడుచుకుంటూ పొమ్మన్నాడు. ఆముదం కలిపిన మందు తాగే తాగుబోతు ఈ భూమ్మీద ఇంకా పుట్టలేదు.

పాత నూనెడబ్బా రేకు కత్తిరించి, గరాటు ఆకారాల్లో చుట్టి, ఇత్తడి అతుకులు వేసి మూరెడు పొడవు పైపు చేశాను. ఇంజన్‌ను వైస్‌లో బిగించి నడిపితే, ఆహా! ఒక్క క్షణం గురగుర, మరుక్షణం కేక. బస్టాండులో బస్సు కోసం చూస్తున్నవాళ్లంతా సామాన్లు ఎత్తుకుని నిలబడ్డారు. దుకాణం రేకులు లేచి మళ్లీ కూర్చున్నాయి. ఎదురు హోటల్‌లో పూరీలు నూనె లేకుండానే పొంగాయని చెబుతాను, నమ్మడం మీ ఇష్టం.

మర్నాడు అంకిస వెళ్లాం. పొలాల మధ్య విశాలమైన కల్లం, ఎండకు బండలా గట్టిపడి ఉంది. మధ్యలో పిడి పట్టుకుని బావ. అంచున విమానం తోక పట్టుకుని నేను. బావ తల ఊపగానే వదిలేసి, తీగలకు చిక్కకుండా గట్టు మీదకు ఉరికాను. గట్టు మీద లచ్చక్క, ఆమె వెనక సగం అంకిస.

విమానం లేచింది. అయితే చప్పుడు మాత్రం ఒక్క తీరుగా లేదు. ప్రతి చుట్టులోనూ ఒకసారి కేక లేస్తుంది, మళ్లీ కుంగుతుంది. లేస్తుంది, కుంగుతుంది. గట్టు మీదున్న ప్రతి చెవికీ అట్లాగే వినిపించింది. నేను కళ్లు మూసుకుని, వేలెత్తి, వైద్యుడి లాగా తీర్పు చెప్పాను.

"పైపు అంచు మీద ఉన్నది. ఎక్కుతాంది, జారుతాంది. జర పొడుగైంది. కొయ్యాలె."

కింద దిగాక బావ తల గోక్కున్నాడు. "నాకు నడుమల అట్ల వినరాలే బామ్మర్దీ."

"గుండ్రంగ తిరిగి తిరిగి నీకు తల దిమ్మెక్కింది బావా."

వేలెడు కోశాను. మళ్లీ ఎగరేశాం. లేస్తుంది, కుంగుతుంది. ఇంకాస్త కోశాను. అదే వరస. మొండితనంలో ఇంకోసారి కోశాను. ఆ దెబ్బతో అసలు కేకే పోయి, ఇంజన్ పైపు మీదకు ఎక్కనేలేదు. మందుగొట్టే పంపులా గురగురలాడుతూ తిరిగింది. చిలుకల గుంపు ఒకటి తాపీగా వచ్చి, వాళ్లింటి విందుకు వచ్చినట్టు వరి మీద వాలింది.

లచ్చక్క కొంగు నడుముకు చుట్టింది.

"ఓ సదానందం తమ్మీ! పొద్దటి సంది గా పైపు కోస్తనే ఉన్నవ్. ఇంక రెండుసార్లు కోసినవంటే బీడీ అయితది. నోట్ల పెట్టుకోని మీ బావ, నువ్వు చెరొక దమ్ము గుంజుండ్రి. పిట్టలు మాత్రం పొగ జూసి నవ్వుకుంటయ్!"

"అక్కా, జర ఓపిక వట్టు."

"ఓపిక నాకున్నది తమ్మీ, వడ్లకు లేదు. ఎల్లుండి ఐతారం కౌలాయన వస్తుండు."

ఆమె కోపంగా అన్నది గాని, ఆ చూపు విమానం మీద లేదు. చిలుకలు వంచిన కంకుల మీద ఉంది.

పైపుతో చిక్కేమిటంటే, కోయడం తేలిక, పెంచడం కష్టం. అతికితే లోపల గట్టు పడి అల చెదిరిపోతుంది. రబ్బరు గొట్టం తొడిగి చూశాను. అరనిమిషంలో కరిగి, కాలిన టైరు వాసన ఆముదం వాసనతో కలిసి నా దుకాణం చుట్టూ ఒక చిన్న సామ్రాజ్యాన్ని స్థాపించింది.

అదే సమయానికి ఓదెలు మామ వచ్చాడు. పెళ్లిళ్ల బ్యాండులో క్లారినెట్ వాయిస్తాడు, మేస్త్రీ కూడా ఆయనే. చంకలో ఇత్తడి పెద్ద బాకా. బరాత్‌లో ట్రాక్టర్ వెనక్కి వచ్చి దాన్ని అప్పడం చేసింది.

"అల్లుడా, దీన్ని లేవగొట్టు."

"మామా, ఇది బాకా కాదు, పళ్లెం. దీంట్ల అన్నం తినాలె."

ఆయన నిట్టూర్చి, ఆ పళ్లెంలోంచి ఒక వంపు గొట్టాన్ని లాగాడు. మెత్తగా జారి బయటికొచ్చింది. చిత్రంగా దానికి సొట్ట కూడా పడలేదు. "గీ ఒక్క జారుడు గొట్టమే బతికింది. చలికాలం బాకా సుతి దిగితే దీన్ని లోపటికి నూకుతం, ఎండకాలం ఎక్కితే బయటికి గుంజుతం."

నా చేతిలో సుత్తి కింద పడింది. గొట్టంలో గొట్టం. లోపలికి నూకొచ్చు, బయటికి గుంజొచ్చు. గాలి బయటికి పోదు. ఇత్తడి కనుక కరగదు. ఆ గొట్టాల్లోంచి తిన్నగా ఉన్న జత కోసి, పైపు మెడలో ఇత్తడితో అతికాను. బిగించడానికి చిన్న క్లిప్పు పెట్టాను. పైపు ఇప్పుడు గోరంత పెరుగుతుంది, గోరంత తగ్గుతుంది. సంగతంతా విన్న ఓదెలు మామ క్లారినెట్ పెట్టె పట్టుకుని నా బండెక్కాడు.

"నా బాకా ఆకాశంల వాయిస్తుంటే నేను ఇంట్ల కూసుంటనా?"

శనివారం సాయంత్రం. కౌలుదారు రావడానికి మిగిలింది ఒక్క రాత్రి. గొట్టాన్ని బాగా బయటికి లాగి, పొడుగు పెట్టి ఎగరేశాం. ఓదెలు మామ గట్టు మీద నిలబడి ఇంజన్ స్వరాన్ని క్లారినెట్‌తో పట్టుకోబోయాడు. పట్టేలోపే అది ఎక్కింది. ఎక్కినదాన్ని పట్టేలోపే దిగింది. మామ మొహం ఎర్రబడింది.

"ఇదేం సుతి అల్లుడా! నా బ్యాండుల ఎవడన్న ఇట్ల వాయిస్తే బరాత్ నుంచి వెళ్లగొడ్తుంటి."

సరిగ్గా అప్పుడే లచ్చక్క నీళ్ల చెంబుతో, వంగి, తీగల కిందుగా నడిచి కల్లం మధ్యలోకి పోయింది. విమానం నెత్తి మీద తిరుగుతుంటే మొగుడికి నీళ్లు తాగించే ధైర్యం ప్రపంచంలో ఆమెకొక్కతెకే ఉంది. పోశెట్టి బావ తిరుగుతున్నాడు, ఆమె చెంబు ఎత్తి పట్టుకుని ఆయనతో పాటు తిరుగుతోంది. తిరుగుతూ తిరుగుతూ మా వైపు చూసి అరిచింది.

"ఏందయ్యా మీ లొల్లి? ఎక్కుడు లేదు, దిగుడు లేదు! ఈడ ఒక్క తీరుగనే మోగుతాంది!"

మామ క్లారినెట్ దించాడు. నేను నోరు తెరిచాను. ఇద్దరికీ ఒకేసారి వెలిగింది. రోడ్డు మీద హారన్ కొడుతూ వచ్చే బస్సు దగ్గరికి వస్తుంటే సన్నగా, దాటిపోతుంటే బొంగురుగా వినిపిస్తుంది కదా. హారన్ మారదు. మనం పక్కన నిలబడ్డాం కనుక అట్లా వినిపిస్తుంది. గట్టు మీద ఉన్న మాకు విమానం ప్రతి చుట్టులోనూ ఒకసారి దగ్గరికి వస్తోంది, ఒకసారి దూరం పోతోంది. మధ్యలో ఉన్నవాడికి మాత్రం ఎప్పుడూ అంతే దూరం. ఇంజన్ ఒక్కసారీ కుంగలేదు. కుంగింది మా చెవుల్లోనే. నిన్న పొద్దంతా నేను కోసింది పైపును కాదు, గట్టు మీది చప్పుడును.

"మామా, పా నడుమలకు!"

ఆ తర్వాత జరిగింది అంకిస చరిత్రలో రాయాల్సిందే. ఎవరూ రాయరు కనుక నేను రాస్తున్నాను. కల్లం నడుమ పోశెట్టి బావ. ఆయన వీపుకు వీపు ఆనించి ఓదెలు మామ. ఇద్దరూ కలిసి గానుగెద్దుల్లా తిరుగుతుంటే మామ నోట్లో క్లారినెట్. విమానం నేల మీద నడిచేటప్పుడు ఇంజన్ స్వరాన్ని మామ పట్టుకుంటాడు, అది మాకు స. గాలిలోకి లేచాక ప్రొపెల్లర్‌కు గాలి బరువు తగ్గుతుంది, ఇంజన్ ఇంకా వేగంగా తిరగాలి, అంటే స్వరం రి దాకా ఎక్కాలి. ఎక్కకపోతే పైపు పొడుగై ఇంజన్‌ను పట్టి లాగుతోందని అర్థం. నేల మీద స కూడా పలకకుండా గురగురమంటే పైపు పొట్టిదని అర్థం.

మొదటి ఎగురుడులో స దగ్గరే ఆగింది. గోరంత లోపలికి నూకాను. కొంచెం కదిలింది. ఇంకో గోరంత. ప్రతి ఎగురుడుకూ మామ దిగగానే కల్లం మీద కూలబడేవాడు. చేతులు నేలకు ఆనించి, భూమి ఆగేదాకా కళ్లు మూసుకునేవాడు.

"మామా, ఎట్ల ఉన్నది?"

"సుతి మంచిగనే ఉన్నది అల్లుడా. గోదావరే నా చుట్టు తిరుగుతాంది."

"ఇంకొక్కటే, ఆఖరు!"

"బరాత్‌ల గుర్రం కూడ గింత తిరగదురా!"

లచ్చక్క ఆయనకు నిమ్మకాయ పిండి ఇచ్చింది. తిట్లు ఆగిపోయాయి, ఇప్పుడు ఆమే మామను లేపి నిలబెడుతోంది. ఎండ వాలి వరి పచ్చగా మెరుస్తోంది. అటు చివర ఉన్న మడిలో చిలుకలు మళ్లీ దిగాయి.

ఇంకో గోరంత నూకి క్లిప్పు బిగించి, తోక వదిలాను. ఈసారి నేను కూడా గట్టుకు ఉరకలేదు. వంగి కల్లం మధ్యలోకే ఉరికాను.

నేల మీద స. చక్రాలు లేచాయి. ఒక చుట్టు. రెండో చుట్టు మొదలవుతుండగా ఇంజన్ గొంతు విప్పింది. మెట్టు ఎక్కినట్టు, ఒక్క ఊపులో, రి! మామ క్లారినెట్ దాన్ని అందుకుని అక్కడే నిలబడింది. ఇంజన్, క్లారినెట్ రెండూ ఒక్క స్వరం మీద, మధ్యలో వెంట్రుక దూరనంత దగ్గరగా. తీగలు పిడిని లాగుతుంటే పోశెట్టి బావ వెనక్కి వాలి రెండు చేతులా ఆపుకున్నాడు. విమానం కనబడలేదు, ఒక గీత మాత్రమే కనబడింది.

ఆ కేకకు చిలుకలు లేచాయి. ఆ మడివే కాదు, ఈ మడివి, పక్కవాళ్ల మడివి, అసలు అంకిసకు సంబంధం లేని చిలుకలు కూడా లేచాయి. ఆకాశం ఒక్క క్షణం వరి కంటే పచ్చగా అయింది. గుంపంతా ఒకసారి గిరగిర తిరిగి, గోదావరి మీదుగా ఏ తనిఖీ లేకుండా నది దాటి తెలంగాణ పౌరసత్వం తీసుకుంది. జింగనూర్ అడవిలో కోతులు చెట్లు దిగి సామాన్లు సర్దుకున్నాయని కూడా విన్నాను. చెప్పింది నేనే అనుకోండి.

గట్టు మీద జనం ఈలలు, కేకలు. ఇంధనం అయిపోయి విమానం మెత్తగా దిగింది. పోశెట్టి బావ పిడి వదలకుండా అట్లాగే నిలబడ్డాడు. చెంపలు తడిసి ఉన్నాయి. ఆముదం చిందిందన్నాడు, నేనూ సరేనన్నాను.

లచ్చక్క మడిలోకి దిగి, ఒక కంకి వంచి, గింజ గోటితో నొక్కి చూసింది. ఆ తర్వాత ఒడ్డెక్కి మొగుడి వైపు చూడకుండానే అన్నది. "పొద్దుగాల ఒకసారి, పొద్దుమూకి ఒకసారి తిప్పుండ్రి. కోతల దాక ఎక్కడికి వోవుడు లేదు."

ఆదివారం కౌలుదారు బండి మీద వచ్చాడు. గట్టు మీద నిలబడి పొలం చూశాడు, తలాడించాడు. "వరి మంచిగున్నదక్కా. ఎట్ల మాట్లాడుకుందం?"

సరిగ్గా అప్పుడే బావ ఇంజన్ స్టార్ట్ చేశాడు. కౌలుదారు అదిరిపడి బండి వెనక నక్కాడు.

"పొలం ఇచ్చుడు లేదు తమ్మీ," అన్నది లచ్చక్క ఇంజన్‌ను మించిన గొంతుతో. "గంత దూరం నుంచి వచ్చినవ్, అన్నం తిని పో. నీ బండి సిలెన్సర్ కూడ పగిలినట్టున్నది. గీ తమ్మునికి చూపియ్యి, మంచిగ జేస్తడు. గని కొయ్యనియ్యకు!"

కోతలు పూర్తయి, వడ్లు ఇల్లు చేరాక బావ విమానం మంచం కింద నుంచి దేవుడి అర పక్కన గోడ మేకుకు ఎక్కింది. ఎక్కించింది లచ్చక్కే. ఓదెలు మామ పాడైన బాకాను ఇంట్లో ఉంచుకున్నాడు. ఎవరైనా దాన్ని చూసి పాత సామాన్లకు వేయమంటే, ఆ బాకా చచ్చిపోయాక రెండెకరాలకు వాయించిందని చెబుతాడు. నా కంటే ఎక్కువ పెంచి చెప్పే మనిషి ఆయనొక్కడే.

నాకు మిగిలిన పాఠం చిన్నదే. చెవులు ఎంత ఘనమైనవైనా, అవి ఎక్కడ నిలబడి వింటున్నాయో ముందు చూసుకోవాలి. ఇప్పుడు ఎవరైనా బండి తెచ్చి చప్పుడు బాగాలేదంటే దుకాణం గుమ్మంలో నిలబడి వేలెత్తి తీర్పు చెప్పను. బండి వెనక సీటెక్కి కూర్చుంటాను, అంకిస రోడ్డు మీద ఒక చుట్టు తిప్పమంటాను, అప్పుడే సుత్తి పట్టుకుంటాను. కొందరు గిరాకీలు ఇదేదో ఉచిత షికారు అనుకుంటారు. అనుకోనీ. కల్లం మధ్యలోకి పోవడానికి నాకు ఇంకో దారి తెలియదు.